అంకె వెనక మనుషులు – ‘కాసినో రాయల్’ మళ్ళీ చదివాక

1

‘క్షుద్ర సాహిత్యం’ అనే మాట మన విమర్శలో చాలాకాలంగా ఉంది. డిటెక్టివ్ నవల, గూఢచారి నవల, దయ్యాల నవల, చవకబారు శృంగార నవల – అన్నిటికీ కలిపి ఒకటే ముద్ర. ఆ ముద్ర వేసెయ్యటంతో విమర్శకుడి బాధ్యత తీరిపోయిందనే అభిప్రాయమూ మనలో ఉంది. నేనూ కొన్నాళ్ళు ఆ పనే చేశాను. ముద్ర తప్పని ఇప్పుడు అనటం లేదు. ముద్ర వేసినంత మాత్రాన ఆ పుస్తకం ఏం చేస్తోందో, ఎలా చేస్తోందో మనకు తెలిసినట్టు కాదని మాత్రమే అంటున్నాను.

చదువుకునే రోజుల్లో అద్దె పుస్తకాల షాపు నుంచి తెచ్చుకున్న వాటిలో ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన ‘కాసినో రాయల్’ ఒకటి. ఏకబిగిన చదివేశాను. మర్నాడు ఒక సాహిత్య సమావేశంలో ఒక పెద్దాయన నా సంచిలో ఆ పుస్తకం చూసి, “ఇవేం పుస్తకాలు నాయనా, నీకు?” అన్నారు. సిగ్గుపడి దాచుకున్నాను. నన్ను రాత్రంతా మేలుకొలిపి కూర్చోబెట్టింది ఏమిటో ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇన్నేళ్ళ తర్వాత ఆ నవల మళ్ళీ చదివాను. ఈసారి ఒకే ఒక్క ప్రశ్న నన్ను చివరిదాకా వదల్లేదు. పేకాట బల్ల మీద ఉన్న ఆ డబ్బు ఎవరిది?

అమాయకమైన ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని నవల మొత్తం ఆ ప్రశ్న పాఠకుడికి రాకుండా చూసుకోవటం మీదే నిలబడి ఉందని నా అభిప్రాయం.

2

‘కాసినో రాయల్’ 1953 ఏప్రిల్‌లో లండన్‌లో వెలువడింది. జేమ్స్ బాండ్ అనే పాత్ర పుట్టింది ఇందులోనే. బాండ్‌ని సినిమాల్లో మాత్రమే ఎరిగినవాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్పాలి.

ఫ్రాన్స్ ఉత్తర తీరంలో రాయల్-లెజ్-ఓ అనే కల్పిత పట్నం. సముద్ర స్నానాలకూ జూదానికీ డబ్బున్నవాళ్ళు వచ్చే ఊరు. అక్కడి జూదశాలకు లె షిఫ్ర్ అనేవాడు వస్తాడు. అతను అల్సాస్ కార్మిక సంఘం డబ్బు చూసే మనిషి. అది భారీ పరిశ్రమల్లోనూ రవాణాలోనూ పనిచేసేవాళ్ళ సంఘం. కమ్యూనిస్టుల చేతిలో ఉంది. సంఘం పనుల కోసం సోవియట్ గూఢచారి శాఖ అప్పగించిన 5 కోట్ల ఫ్రాంకులు తీసుకెళ్ళి లె షిఫ్ర్ వేశ్యాగృహాల వ్యాపారంలో పెట్టాడు. 1946 ఏప్రిల్‌లో ఫ్రెంచి ప్రభుత్వం వేశ్యాగృహాలు మూసేస్తూ చట్టం చేసింది. ఇది కల్పన కాదు, నిజంగా జరిగినదే. దాని కోసం పోరాడిన మార్త్ రిషార్ పేరుతోనే ఆ చట్టాన్ని ఫ్రాన్స్‌లో పిలుస్తారు. పెట్టుబడి మునిగింది. పైవాళ్ళకు తెలిసేలోగా జూదంలో గెలిచి లోటు పూడ్చుకోవాలని లె షిఫ్ర్ ఎత్తు. అతన్ని జూదంలోనే దివాలా తీయించి సంఘాన్ని నవ్వులపాలు చెయ్యాలని బ్రిటిష్ గూఢచారి శాఖ పైఎత్తు. ఆ పని మీద బాండ్‌ని పంపుతారు.

బాండ్ మొదట తన దగ్గరున్నదంతా ఓడిపోతాడు. అమెరికన్ సి.ఐ.ఎ. ఉద్యోగి ఫీలిక్స్ లీటర్ ఒక కవర్లో 3 కోట్ల 20 లక్షల ఫ్రాంకులు పంపి ఆదుకుంటాడు. బాండ్ గెలుస్తాడు. అతని సహాయకురాలు వెస్పర్ లిండ్‌ని లె షిఫ్ర్ ఎత్తుకుపోతాడు. వెంటపడ్డ బాండ్ పట్టుబడతాడు. కూర్చునే భాగం కోసేసిన కుర్చీకి కట్టి లె షిఫ్ర్ అతన్ని చిత్రహింసలు పెడతాడు. ఆ సమయంలో స్మెర్ష్ అనే సోవియట్ శాఖ మనిషి లోపలికొచ్చి, అప్పగించిన సొమ్ము తిన్నందుకు లె షిఫ్ర్‌ని కాల్చేస్తాడు. బాండ్‌ని చంపమని తనకు ఆజ్ఞ లేదు గనక చేతి మీద ఒక అక్షరం చెక్కి వెళ్ళిపోతాడు. ఆస్పత్రిలో కోలుకున్న బాండ్ వెస్పర్‌ని ప్రేమిస్తాడు, పెళ్ళాడదామనుకుంటాడు. ఆమె నిద్రమాత్రలు మింగి చనిపోతుంది. తాను సోవియట్ వాళ్ళకు లొంగి పనిచేశానని ఉత్తరం రాసిపెడుతుంది. బాండ్ లండన్‌కు ఫోన్ చేసి ఆ సంగతి చెప్పి, ఆమెను ఒక తిట్టు తిట్టి ఫోన్ పెట్టేస్తాడు. నవల అక్కడితో ముగుస్తుంది.

ఇప్పుడు ఒక సంగతి గమనించాలి. వీరుడని పేరుపడ్డ ఈ బాండ్ ఈ కథలో చేసినదేమిటి? అతన్ని ఆటలో నిలబెట్టింది అమెరికా డబ్బు. గెలిపించింది ముక్కల అదృష్టం. ప్రాణం కాపాడింది సోవియట్ తూటా. పక్కనే ఉన్న మనిషి శత్రువుల తరఫున పనిచేస్తోందని చివరిదాకా అతనికి తెలియనే తెలియదు. 1953 నాటి బ్రిటన్ పరిస్థితి గురించి ఇంతకంటే నిక్కచ్చిగా చెప్పిన రాజకీయ వ్యాసం ఉంటుందా అనిపిస్తుంది. రచయిత ఉద్దేశించి చెప్పిన మాట కాదిది. కథ తనంతట తాను చెప్పేసిన మాట. లీటర్ పంపిన కవరు మీద అది మార్షల్ సహాయమని రాసి ఉంటుంది. పరిహాసానికే రాశాడు. కాని 1948 నుంచి 1952 దాకా పశ్చిమ యూరప్‌ను నిలబెట్టిన అమెరికా డబ్బు పేరు అదే. పరిహాసంలో నిజం బయటపడింది.

3

ఫ్లెమింగ్ తాత రాబర్ట్ ఫ్లెమింగ్ బ్యాంకు పెట్టినవాడు. మనవడు ఈటన్‌లో చదివాడు. రాయిటర్స్ విలేకరిగా 1933లో మాస్కో వెళ్ళి బ్రిటిష్ ఇంజనీర్ల మీద జరిగిన విచారణ గురించి వార్తలు పంపాడు. కొన్నాళ్ళు షేర్ల వ్యాపారంలో ఉన్నాడు. రెండో ప్రపంచ యుద్ధంలో నౌకాదళ గూఢచారి విభాగాధిపతికి సహాయకుడు. యుద్ధం అయ్యాక పత్రికాధిపతి కెమ్స్‌లీ సంస్థలో విదేశీ వార్తల నిర్వాహకుడు. 1952 మొదట్లో జమైకాలోని తన ఇంట్లో కూర్చుని ఈ నవల రాశాడు. జమైకా అప్పటికింకా బ్రిటిష్ వలస. 1962లో గాని స్వతంత్రం రాలేదు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో సామాన్యులు రేషన్ కార్డు పట్టుకుని క్యూల్లో నిలబడుతున్నారు. మాంసం మీద రేషన్ పోయింది 1954 జులైలో. అలాంటి పాఠకుడి ముందు ఫ్లెమింగ్ చేపగుడ్ల వంటకాన్నీ, వేడివేడి రొట్టె ముక్కల్నీ, షాంపేన్‌నీ, అవకాడో పండునూ వడ్డిస్తాడు. బాండ్ తాగే మద్యంలో మూడు పాళ్ళు జిన్, ఒక పాలు వోడ్కా, అర పాలు కీనా లిలే. ఏ కంపెనీదో, ఏ గ్లాసులో పోయాలో, ఎంత చల్లగా ఉండాలో అన్నీ చెబుతాడు. నన్ను ఆ రాత్రి నిద్రపోనివ్వనిది ఈ శిల్పమేనని ఇప్పుడు తెలుస్తోంది. వేకువజామున మూడు గంటలకు జూదశాలలో ఆ పొగా ఆ చెమటా ఎలా ఉంటాయో మొదటి వాక్యంలోనే ముక్కుకు తగిలేటట్టు రాస్తాడు. పేకముక్క తిరగబడేటప్పుడు మన ఊపిరి బిగబట్టిస్తాడు. ఈ చేతివాటాన్ని ఒప్పుకోకుండా చేసే విమర్శ నిజాయితీ లేని విమర్శ.

కాని ఈ కచ్చితత్వం ఎక్కడ ఆగిపోతోందో చూడండి. వస్తువులన్నీ కనిపిస్తాయి. చట్టం నంబరు కనిపిస్తుంది. అల్సాస్ కార్మికుడు మాత్రం ఒక్కడూ కనిపించడు. బాండ్ పై అధికారికి పంపిన నివేదికలో వాళ్ళ సంఘానికి ఒకే ఒక్క పరిచయ వాక్యం దక్కింది: యుద్ధం వస్తే ఆ సంఘం శత్రువుకు లోపలి నుంచి సాయపడే పంచమాంగ దళమని. ఆ తర్వాత నవలంతా వాళ్ళు ఒక అంకె. 5 కోట్లు. లె షిఫ్ర్ అన్న ఫ్రెంచి మాటకు అర్థం కూడా ‘అంకె’ అనే. యుద్ధానంతరం జర్మనీలోని డాఖావ్ నిర్వాసితుల శిబిరంలో పేరూ ఊరూ లేకుండా దొరికిన మనిషి అతను. పాస్‌పోర్టు మీద తాను ఒక అంకెనేనని ఆ పేరు పెట్టుకున్నాడు. నివేదిక అతని చెవుల ఆకారం చూసి యూదు రక్తాన్ని కూడా అనుమానిస్తుంది. హిట్లర్ పోయిన ఎనిమిదేళ్ళకే, డాఖావ్ పేరున్న శిబిరం నుంచి వచ్చిన దిక్కులేని మనిషిని తెచ్చి ప్రతినాయకుణ్ణి చేసి, పైగా చెవులు కొలవటం! ఇది రచయిత పరధ్యానంగా చేసిన పని కావచ్చు. అతని వర్గానికి ఆ చెవుల కొలత అంత సహజంగా అబ్బిందన్న మాట.

అల్సాస్‌లో నిజంగా ఎవరుండేవారు? మూలూజ్ బట్టల మిల్లుల కార్మికులు, ఆ చుట్టుపక్కల పొటాష్ గనుల కార్మికులు, స్ట్రాస్‌బర్గ్ దగ్గర రైన్ రేవులోనూ రైళ్ళలోనూ పనిచేసేవాళ్ళు. 1871లో జర్మనీ ఆ ప్రాంతాన్ని కలుపుకుంది. 1918లో మళ్ళీ ఫ్రాన్స్‌కు వచ్చింది. 1940లో మళ్ళీ జర్మనీ. 1942 నుంచి అక్కడి యువకుల్ని బలవంతంగా జర్మన్ సైన్యంలో చేర్చి తూర్పు రంగానికి తోలారు. ఒక్క జీవితకాలంలో నాలుగుసార్లు దేశం మారిన మనుషులు! ఏ జెండా ఎవరిదో, ఎవరు ఎవరికి ద్రోహులో వాళ్ళకు తెలిసినంతగా ఏ గూఢచారికీ తెలియదు. గూఢచారి నవలకు ఇంతకంటే గొప్ప వస్తువు ఏముంటుంది? ఆ వస్తువు నవల గడప దాకా వచ్చి నిలబడింది. రచయిత తలుపు తీయలేదు.

తీస్తే పేకాట సాగదు. బాండ్ ఆడే ఆట బకారా. ముక్కల మొత్తం తొమ్మిదికి దగ్గరగా ఉన్నవాడిది గెలుపు. దానికే మరో రూపం పేరు షెమాఁ-ద-ఫేర్. ఫ్రెంచిలో ఆ మాటకు అర్థం రైలుమార్గం. రవాణా కార్మికుల సంఘం గురించిన కథలో మనకు ఎదురయ్యే రైలు ఇదొక్కటే.

4

ఇక డబ్బు ప్రశ్నకు వద్దాం. ఆ డబ్బు లెనిన్‌గ్రాడ్ నుంచి వచ్చిందంటుంది నవల. సంఘం సభ్యుల చందాల ప్రస్తావనే లేదు. సభ్యత్వ కార్డు మీద నెలనెలా స్టాంపు అంటించుకోవటం ఫ్రెంచి సంఘాల్లో రివాజు. జీతంలోంచి తీసిచ్చే ఆ చిల్లర డబ్బుతో సంఘం నడుస్తుందన్న ఊహ బ్యాంకరు మనవడికి తట్టలేదు. కార్మికులు సమ్మె చేశారంటే వెనకనుంచి ఎవరో డబ్బిచ్చి చేయించారన్న మాట ఏ దేశపు యజమానుల నోటనైనా మనం వినేదే. ఆ ఒక్క నమ్మకం మీద ఈ కథ అల్లబడింది.

ఇక్కడ మనం ఒళ్ళు దాచుకోకుండా మాట్లాడాలి. మాస్కో నుంచి ఫ్రెంచి కమ్యూనిస్టు పార్టీకి డబ్బు అందిన మాట నిజం. 1991 తర్వాత తెరిచిన సోవియట్ దస్తావేజులు ఆ సంగతి రుజువు చేశాయి. అది అబద్ధపు ప్రచారమని చాలాకాలం వాదించిన మనవాళ్ళు ఆ వాదన ఉపసంహరించుకోవటమే మర్యాద. కాని కథలో సగమే అది. 1947 మే నెలలో కమ్యూనిస్టు మంత్రుల్ని ఫ్రెంచి ప్రభుత్వం నుంచి తొలగించారు. ఆ ఏడాది చివర దేశమంతా సమ్మెలు. డిసెంబర్లో పెద్ద కార్మిక సమాఖ్య సి.జి.టి. చీలింది, ‘ఫోర్స్ ఊవ్రియేర్’ అనే కొత్త సమాఖ్య పుట్టింది. 1948లో బొగ్గుగనుల కార్మికులు సమ్మె చేస్తే ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. ఆ కొత్త సమాఖ్యకు అమెరికన్ కార్మిక నాయకుడు ఇర్వింగ్ బ్రౌన్ ద్వారా సి.ఐ.ఎ. డబ్బు చేరిందని, ఆ శాఖలో పనిచేసిన థామస్ బ్రేడెన్ 1967లో తానే ఒక అమెరికన్ పత్రికలో రాసుకున్నాడు. తప్పని కాదు, గర్వంగా రాశాడు.

కాబట్టి నవలలో లీటర్ కవరు పంపటం పూర్తిగా కల్పన కాదు. అల్సాస్ కార్మికుల సంఘాన్ని దెబ్బతియ్యటానికి అమెరికా డబ్బు బల్ల మీదికి రావటం ఫ్రాన్స్‌లో నిజంగా నడిచిన వ్యవహారానికి పేకముక్కల రూపం. తేడా ఒక్కటే. వాస్తవంలో బల్లకు రెండు వైపులా డబ్బు కుమ్మరించింది రెండు రాజ్యాలు. మధ్యలో సమ్మె చేసినవాళ్ళు, తన్నులు తిన్నవాళ్ళు, ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళు ఉన్నారు. నవలలో మధ్యలో ఉన్నది ఆకుపచ్చ గుడ్డ పరిచిన బల్ల మాత్రమే.

ఇంకో విచిత్రం ఉంది. లె షిఫ్ర్ చేసిన తప్పేమిటి? అప్పగించిన సొమ్ము ఆడవాళ్ళ శరీరాల వ్యాపారంలో పెట్టటం. ఆ తప్పుకు అతన్ని శిక్షించింది ఎవరు? బ్రిటన్ కాదు. బ్రిటన్‌కు ఆ తప్పు ఒక అవకాశం మాత్రమే. శిక్షించింది స్మెర్ష్. సంఘం సొమ్ము పరాయి సొమ్మనీ, దాన్ని తినటం నేరమనీ అనుకున్నవాడు నవల మొత్తంలో ఆ ముసుగు హంతకుడు ఒక్కడే. కమ్యూనిజాన్ని భూతంగా చూపించాలని కూర్చున్న రచయిత, నీతి అనేదాన్ని తెలియకుండానే ఆ భూతం చేతిలో పెట్టాడు. గెలిచిన డబ్బులో లీటర్ వాటా పోగా మిగిలిన 4 కోట్ల చెక్కు లండన్ కోసం. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని సామెత. ఇక్కడ అల్లుడు దానం కూడా చెయ్యలేదు, జేబులో వేసుకున్నాడు.

అసలు స్మెర్ష్ అనే సంస్థ 1943లో పుట్టి 1946లోనే రద్దయింది. 1953 నాటి కథలో దాన్ని బతికించి ఉంచటం కల్పనకు అవసరమయింది. అదే 1953లో నిజమైన బ్రిటిష్ గూఢచారులు ఏం చేస్తున్నారో కూడా చెప్పుకోవాలి. ఇరాన్‌లో మొసాద్దెక్ 1951లో బ్రిటిష్ కంపెనీ చేతిలోని చమురును జాతీయం చేశాడు. ‘కాసినో రాయల్’ అచ్చయిన నాలుగు నెలలకు, ఆగస్టులో, బ్రిటిష్, అమెరికన్ గూఢచారి శాఖలు కలిసి అతని ప్రభుత్వాన్ని కూల్చాయి. అప్పటికే మలయాలో అయిదేళ్ళుగా, కెన్యాలో కొద్ది నెలలుగా అత్యవసర పరిస్థితి పేరుతో అణచివేత సాగుతోంది. అప్పటి బ్రిటిష్ రహస్య యుద్ధం బట్టలు విప్పి చూస్తే కనిపించేది చమురూ రబ్బరూ. ఫ్లెమింగ్ దానికి సాయంత్రపు విందు సూటు తొడిగి జూదశాలలో కూర్చోబెట్టాడు.

5

ఇంతవరకు చెప్పినదంతా చూసి, ఇది పాలకవర్గపు ప్రచార నవల, అంతే కదా అని ఎవరైనా అనవచ్చు. అంతే అయితే ఈ వ్యాసం రాయవలసిన పని లేదు. నవలకు మూడు వంతులయ్యాక ఒక అధ్యాయం వస్తుంది. నన్ను మళ్ళీ మళ్ళీ ఆపేది అదే.

ఆస్పత్రి మంచం మీద బాండ్ ఫ్రెంచి గూఢచారి మాతిస్‌తో తాను రాజీనామా చేస్తానంటాడు. యుద్ధకాలంలో తాను చంపిన ఇద్దర్ని తలుచుకుంటాడు: న్యూయార్క్‌లో ఒక జపాన్ నిపుణుడు, స్టాక్‌హోంలో ఒక నార్వేవాడు. అప్పుడు అది న్యాయమే అనిపించింది. కాని చరిత్ర వేగంగా కదులుతోంది, నాయకుడూ ప్రతినాయకుడూ వేషాలు మార్చుకుంటున్నారు, ఇవాళ్టి మన మితవాదమే యాభయ్యేళ్ళ కిందట అయితే కమ్యూనిజం అనిపించుకునేది, అప్పుడు దానితో పోరాడమనేవారు – ఇదీ అతని ధోరణి. చెడు అనేది కూడా లోకానికి అవసరమేమోనని లె షిఫ్ర్ పక్షాన వాదిస్తాడు.

ఒక మితవాద రచయిత సృష్టించిన హంతకుడు ఈ మాటలనటం చిన్న విషయం కాదు. మంచీ చెడూ చరిత్రను బట్టి మారతాయని గ్రహించటమంటే చారిత్రక దృక్పథం వాకిట్లోకి వచ్చినట్టే. ఇంకొక్క అడుగు వేస్తే, ఎవరి కోసం చంపాను, ఆ డబ్బు ఎవరిది అన్న ప్రశ్న వస్తుంది. మాతిస్ ఆ అడుగు పడనివ్వడు. నవ్వేసి, సిద్ధాంతాల కంటే మనుషుల కోసం పోరాడటం తేలికనీ, చుట్టూ మనుషుల్ని పెట్టుకొమ్మనీ, తాను మాత్రం మనిషిగా మారిపోవద్దనీ, అంత చక్కటి యంత్రం పాడైపోతుందనీ సలహా ఇచ్చి వెళతాడు.

ఇటలీ విమర్శకుడు ఉంబెర్టో ఎకో 1965లో రాసిన వ్యాసంలో ఈ సన్నివేశం దగ్గరే ఆగాడు. ఇక్కడి నుంచి ఫ్లెమింగ్ పాత్ర మనస్తత్వాన్ని వదిలేసి, చదరంగపు ఎత్తులవంటి కథా నిర్మాణాన్ని పట్టుకున్నాడని అతని పరిశీలన. అది నిజమే. కాని యంత్రంగా మారటానికి ఒక ధర ఉంది. ఆ ధర ఎవరు చెల్లించారన్నది నాకు ముఖ్యం. చెల్లించింది వెస్పర్.

వెస్పర్ గూఢచారి కార్యాలయంలో ఒక విభాగాధిపతి దగ్గర సహాయకురాలు. ఆడవాళ్ళు ఈ పనుల్లోకి రాక వంటింట్లో ఉండాలని, ఆమెను లె షిఫ్ర్ ఎత్తుకుపోయినప్పుడు బాండ్ విసుక్కుంటాడు. తర్వాత ఆమెతో కలయికను ఊహించుకుంటూ అందులో బలాత్కారపు రుచి ఉంటుందని మురుస్తాడు. ఈ వాక్యాన్ని కాలం తీరు అని క్షమించేవాళ్ళున్నారు, నేను క్షమించను. ఆమె ప్రియుడు బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసిన పోలండు యువకుడు. అతను సోవియట్ వాళ్ళ చేతిలో బందీ. అతని ప్రాణం కోసం ఆమె వాళ్ళకు లొంగింది. అంటే, మాతిస్ చెప్పినదే ఆమె చేసింది – సిద్ధాంతం కోసం కాదు, ఒక మనిషి కోసం. బాండ్‌కి అది జ్ఞానోపదేశం; ఆమెకు అది మరణశిక్ష.

ఇక్కడే ఇంకొక చరిత్ర దాగి ఉంది. 1951 మే నెలలో గై బర్జెస్, డొనాల్డ్ మక్లీన్ అనే ఇద్దరు బ్రిటిష్ విదేశాంగ ఉద్యోగులు మాయమయ్యారు; సోవియట్ యూనియన్ చేరారు. వాళ్ళ స్నేహితుడు కిమ్ ఫిల్బీ సాక్షాత్తూ గూఢచారి శాఖలో పెద్ద పదవి చేసినవాడు. 1963లో బీరూట్ నుంచి పారిపోయాడు. వీళ్ళందరూ కేంబ్రిడ్జిలో చదివిన పెద్దింటి బిడ్డలు. బర్జెస్ అయితే ఫ్లెమింగ్ చదివిన ఈటన్‌లోనే చదివాడు. బర్జెస్, మక్లీన్ మాయమై ఏడాది తిరక్కముందే రాసిన నవలలో ద్రోహి ఎవరు? పాలకవర్గపు కొడుకు కాడు. కార్యాలయంలో కింది ఉద్యోగం చేసే ఆడమనిషి. ద్రోహం తన క్లబ్బు భోజనాల బల్ల దగ్గర కూర్చుని ఉందని తెలిసిన వర్గం, దాన్ని తీసుకెళ్ళి వెస్పర్ నెత్తిన పెట్టింది. ఆమె చనిపోగానే బాండ్ అనుమానాలన్నీ నయమైపోతాయి. చరిత్ర వేషాలు మారుస్తుందన్న మాట మళ్ళీ ఎత్తడు. ఇక జీవితాంతం స్మెర్ష్‌ని వేటాడతానని తీర్మానించుకుంటాడు.

6

గూఢచారి నవల అనే ప్రక్రియే అంత, దాని చేత ఇంకేమీ చేయించలేం అనేవాళ్ళకు ఒక మాట. ఫ్లెమింగ్‌కు ముందు ఎరిక్ ఆంబ్లర్ ఉన్నాడు. 1937లో అతను రాసిన ‘అన్‌కామన్ డేంజర్’లో కుట్ర వెనక ఉన్నది చమురు కంపెనీ, సోవియట్ ఏజెంటు సానుభూతితో చిత్రితమైన పాత్ర. 1939 నాటి ‘ద మాస్క్ ఆఫ్ డిమిట్రియోస్’లో హత్యలూ మాదకద్రవ్యాలూ ఆడవాళ్ళ వ్యాపారమూ చేసిన దుర్మార్గుడు చివరికి ఒక గౌరవనీయమైన బ్యాంకుకు డైరెక్టరు అవుతాడు. ఆంబ్లర్ ‘ఈ డబ్బు ఎవరిది’ అని అడిగినవాడు. ఫాసిజానికి వ్యతిరేకంగా ఐక్య సంఘటన కట్టిన కాలం అతని చేత అడిగించింది. ప్రచ్ఛన్న యుద్ధకాలం ఫ్లెమింగ్ చేత ఆ ప్రశ్న మూయించింది.

ఫ్లెమింగ్ తర్వాత పదేళ్ళకు, 1963లో, జాన్ లె కారె ‘ద స్పై హూ కేమ్ ఇన్ ఫ్రం ద కోల్డ్’ రాశాడు. అందులో లిజ్ గోల్డ్ అనే అమ్మాయి ఉంది. లండన్‌లో ఒక చిన్న గ్రంథాలయంలో పనిచేస్తుంది. కమ్యూనిస్టు పార్టీ సామాన్య సభ్యురాలు. పార్టీ పత్రిక అమ్మటానికి మొహమాటపడే మామూలు మనిషి. బెర్లిన్ గోడ దగ్గర రెండు రాజ్యాల బేరంలో ఆమె ప్రాణం పోతుంది. లె కారె కమ్యూనిస్టు కాడు, ఆ పార్టీ మీద అతనికి భ్రమలూ లేవు. అయినా ఆ పార్టీలో ఒక మనిషి ఉందని చూశాడు. నవల బరువంతా ఆ చూపులో ఉంది. వెస్పర్ శవం బాండ్‌ని మళ్ళీ పనిలోకి తోస్తుంది. లిజ్ శవం లీమస్‌ని గోడ మీంచి వెనక్కి, చావులోకి దింపుతుంది. ఇద్దరూ పావులే. ఒక రచయిత పావును పావుగా వాడుకున్నాడు, ఇంకొక రచయిత పావులో మనిషిని చూపించాడు.

7

ఈ సంగతులు మనకెందుకు?

బాండ్ మన దాకా వచ్చాడు గనక. 1966లోనే ‘గూఢచారి 116’ తెలుగు తెర మీద కనిపించింది. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్‌ని తెలుగు పాఠకులు ఇళ్ళకు తెచ్చుకుని చదివారు. అభ్యుదయ కవి ఆరుద్ర స్వయంగా డిటెక్టివ్ నవలలు రాశాడు. అది ఆయనకు చిన్నతనమనిపించలేదు. మనం మాత్రం ముద్ర వేసి పక్కకు జరిగాం. ఆ జరగటం వల్ల కోట్లమంది చదివేదాన్ని, చూసేదాన్ని మన విమర్శ ముట్టుకోలేదు. 2006లో ‘కాసినో రాయల్’ని మళ్ళీ సినిమాగా తీశారు. బకారా బదులు పోకర్ పెట్టారు. కార్మిక సంఘం స్థానంలో ఉగ్రవాదుల డబ్బు పెట్టారు. ఫ్లెమింగ్ ఒక్క వాక్యంలోనైనా పేర్కొన్న కార్మికులు ఈసారి అంకెగా కూడా మిగల్లేదు. ఆ సంగతి ఎత్తి చూపవలసినవాళ్ళం మనమే కదా?

రెండో కారణం ఇంకా దగ్గరిది. ఈ నవల చదివాక నేను రాసిన పాత సమీక్షలు కొన్ని తీసి చూసుకున్నాను. సమ్మె మీద వచ్చిన మన కథల్ని మెచ్చుకుంటూ రాసినవే ఎక్కువ. ఆ కథల్లో కొన్నిటిలో కార్మికుడు ఉన్నాడు. చాలావాటిలో జెండా ఉంది, నినాదం ఉంది, పిడికిలి ఉంది, మనిషి లేడు. యజమానికి బానపొట్టా బంగారు పన్నూ ఉన్నాయి. అవి లె షిఫ్ర్ చెవుల వంటివే. సంఘం చందా కట్టాలా, పిల్లవాడికి మందు కొనాలా అని తటపటాయించిన రాత్రి ఆ కథల్లో లేదు. సంఘం డబ్బు తిన్న మనవాడి కథ అసలే లేదు. వస్తువు మనదైతే చాలనుకుని నేను మార్కులు వేశాను. ఫ్లెమింగ్ కార్మికుణ్ణి అంకె వెనక దాచాడు. మనం జెండా వెనక దాచలేదా? ఉద్దేశాలు వేరు, నిజమే. కాని దాగినవాడికి తేడా ఏముంది?

యువ రచయితలకూ సాహిత్య విద్యార్థులకూ నేను చెప్పదలచిన మాట ఇంతే. ‘కాసినో రాయల్’ని సిగ్గుపడకుండా చదవండి, సంచిలో దాచుకోకుండా చదవండి. పేకముక్క తిరగబడేటప్పుడు మీ ఊపిరి బిగుసుకుంటే ఆ పని ఎలా జరిగిందో నేర్చుకోండి. అది నేర్చుకోదగ్గ విద్యే. ఆ తర్వాత బల్ల మీద డబ్బు ఎవరిదో అడగండి. ఆ అలవాటు పట్టుబడ్డాక మీరు రాసిన కథ తీసి, అందులో కనిపించకుండా పోయినవాళ్ళెవరో కూడా అడగండి. నా సంచిలో పుస్తకం చూసిన ఆ పెద్దాయన ఇప్పుడు లేరు. ఉంటే, ఆయన అడిగిన ప్రశ్నకు ఈ జవాబు చెప్పి ఉండేవాణ్ణి.